అయ్యగారికంటే ముందొచ్చే నీడ

పొద్దున్నే లోసెలీ చెట్టు బెరడుని చెక్క సుత్తితో బాది గుడ్డగా సాగదీస్తుంటే, హారక్స్ అయ్యగారి నీడ గడప దాటి వచ్చి చాప మీద కూర్చుంది. అంటే అయ్యగారు ఇంకో గంటలో వస్తారన్నమాట. టోంగా దీవుల్లోని ఆ ఊరివాళ్ళకి ఇది అలవాటే. నీడని చూసి దుంపలు ఉడకేసేవాళ్ళు.

ఉత్త మతబోధకుడిగా ఉన్నన్నాళ్ళూ ఆయన నీడ జబ్బుపడ్డవాళ్ళ తలమీద చెయ్యి పెట్టేది. చిన్నప్పుడు జ్వరంలో లోసెలీ తలమీదా పెట్టింది. ఆయన రాజుగారికి మంత్రి అయ్యాక అది ఇళ్ళ వెనక తొంగిచూడడం నేర్చింది. మంత్రిగారి కొత్త సంఘంలో చేరనివాళ్ళని దూరపు దీవికి తోలేస్తున్నారు. లోసెలీ వాళ్ళన్నయ్య ఫిలిమోనే కూడా చేరనన్నాడు. మూడు రోజులుగా బెరడు గుడ్డల దొంతర వెనక నక్కి ఉన్నాడు.

"రాజుగారి క్షమాభిక్ష ఇప్పిస్తానని మంత్రి కబురంపాడుగా," అన్నాడు లోపల్నుంచి.

"నీ మొహం! దాని ఎడమ చెయ్యి చూడు అన్నయ్యా."

నీడ కుడిచెయ్యి ఒట్టు పెడుతున్నట్టు ముందుకి చాచి ఉంది. ఎడమ చెయ్యి వీపు వెనక ఎవరినో రమ్మంటోంది. నీడ చేసిందే ఓ గంటకి అయ్యగారూ చేస్తారు. లోసెలీ అన్నని పెరటి దారిన పడవ దగ్గరికి తరిమి, పౌలాసీ బాబాయిని కేకేసింది.

అయ్యగారు వచ్చి సరిగ్గా ఆ నీడ మీదే కూర్చున్నారు. బాబాయి కావా వేరు నలిపి పిండిన మత్తుపానీయం బాన ముందు పెట్టాడు. అక్కడి ఆచారం ప్రకారం బాన ఖాళీ అయ్యేదాకా అతిథి పనిమాట ఎత్తకూడదు. చిప్ప తరవాత చిప్ప అందుతూనే ఉంది.

"ఇక చాలు పౌలాసీ."

"అయ్యో, మంత్రయ్యాక మా కావా చేదైందా అయ్యగారూ?" అంటూ బాబాయి మళ్ళీ నీళ్ళు కలిపాడు.

బాన అడుగంటేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అయ్యగారు బైబిలు మీద కుడిచెయ్యి ఉంచారు. "ఫిలిమోనే ఎక్కడమ్మా? దీనిమీద ఒట్టు, వాడిమీద ఈగ వాలనివ్వను."

ఈ ఒక్కసారికి నీడ పొరబడి ఉంటే బాగుండునని లోసెలీ ఎంతో ఆశపడింది. అంతలో ఆయన ఎడమ చెయ్యి వీపు వెనక్కి వెళ్ళింది. కొబ్బరిచెట్ల చాటునుంచి సిపాయిలు దూసుకొచ్చి గుడ్డలన్నీ చిందరవందర చేశారు. అప్పటికి పడవ సముద్రం మీద చుక్కంత అయిపోయింది.

"నిన్ను బతికించినవాణ్ణి. నన్ను నమ్మలేదా నువ్వు?" అన్నారు అయ్యగారు.

లోసెలీ కళ్ళు తుడుచుకుంది.

"నమ్మాను అయ్యగారూ. మీకంటే గంట ముందు వచ్చినాయన్ని నమ్మాను."