మోకు పైకి లేచినప్పుడు

అమ్మకు బీపీ గోలీలు కొనాలి. నాయిన ఫోటోకు ఫ్రేము కట్టించాలి. ఐదింటిలోపు హైదరాబాద్ ఆఫీసుకు జవాబు చెప్పాలి. ఆ మూడోది తేలక, ఆడేవాళ్లను గమనిస్తూ రజిత జనగామలోని గేమింగ్ సెంటర్‌లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

ఆ రోజే విడుదలైన కత్తియుద్ధాల ఆటలో వీరుడు రాతి స్తంభం ఎక్కే కదలిక యానిమేటర్‌గా ఆమె చేసిందే. దేవరుప్పులలో కల్లు గీసిన నాయిన బిక్షపతి చెట్టెక్కే తీరునే అందులో పెట్టింది. పోయినేడు తాటిచెట్టు మీది నుంచి పడి ఆయన చనిపోయాడు. ఆటగాళ్లు విసుక్కుంటే ఆ కదలిక మార్చేద్దామని ఆఫీసు అంటోంది.

"ఫైటింగ్ మస్తుందన్నా, గీ ఎక్కుడే బేకార్," అన్నాడు అక్కడ ఆడుతున్న షాహిద్, తెర మీద వీరుడు మూడోసారి కిందపడగానే. "ఎంత నొక్కినా జారుతుండు. ముసలోడా ఏంది?"

రజిత అతని కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది.

పక్క కుర్చీలో యుగేందర్ పకపకా నవ్వాడు. "కల్లు గీసే మా బాపు వింటే నిన్ను తంతడు! గీ హీరో నడుముకు మోకు కట్టుకున్నడు, కనవడ్తలేదా? గా తాడు పైకి ఎగరేసినప్పుడు బటన్ వదులు, బిగిసినంక నొక్కు. చెట్టెక్కెటోడు ఉరుకుతడారా?"

షాహిద్ వదిలాడు, నొక్కాడు, మళ్లీ వదిలాడు. వీరుడు స్తంభం చివరికంటా ఎక్కాడు.

"అరే, గిది మజా ఉంది!"

రజిత వెంటనే ఫోన్ తీసి ఆఫీసుకు మెసేజ్ పెట్టింది. 'ఎట్లా ఎక్కాలో తెర మీద ఒక్క మాట రాయండి చాలు. కదలిక మార్చొద్దు.'

మీరూ ఆ ఆట ఆడితే, మోకు పైకి లేచినప్పుడు బటన్ వదలండి. ఆ ఒక్క క్షణం దేవరుప్పుల బిక్షపతిని తలచుకోండి.