బ్యాండు కోటు పరీక్షకు వెళ్లిన వైనం

నేను ఒక బ్యాండు మేళం కోటును. ఎర్ర ముఖమల్ గుడ్డ, భుజాల మీద జరీ కుచ్చులు, ఛాతీకి రెండు వరసల ఇత్తడి గుండీలు. ఇంత అందమైన కోటు ఏ సేనాధిపతికైనా ఉంటే ఆ దేశం యుద్ధం చెయ్యకుండానే గెలిచేదని నా గట్టి నమ్మకం. గర్వం అనుకుంటారేమో, అనుకోండి. నాకేం నష్టం?

నేను పుట్టింది నరసరావుపేటలో. ఓ నాటక సమాజం వాళ్లు తెర కుట్టించుకోగా మిగిలిన ముక్కతో దర్జీ నన్ను కుట్టాడు. నా తోడబుట్టిన గుడ్డంతా రాజుల ముందు లేస్తూ దిగుతూ బతికింది కాబట్టి ఆ దర్జా నాకూ అంటింది. మొదట డోలు వాయించే ఓ భారీ మనిషి పొట్ట కొలతకు నన్ను కుట్టారు. పెళ్లి భోజనాల్లో ఆయన విస్తరి మీదికి వంగినప్పుడల్లా నా కుచ్చులు సాంబారులో మునిగేవి. ఆయన తరవాత ఓ బక్కపలచటి మనిషికి దక్కాను. అతను తూర్పుకి తిరిగితే నేను కాసేపటికి గానీ తిరిగేదాన్ని కాదు.

ఆ తరవాత వచ్చినవాడు యాకోబు. ట్రంపెట్ ఊదుతాడు. నలభై దాటినవాడు. ఐదో తరగతిలో ఉండగా వాళ్ల నాన్న బూర చేతికిచ్చి ఓ పెళ్లికి తీసుకెళ్లాడు. ఆ పెళ్లి నుంచి యాకోబు మళ్లీ బడికి రాలేదు. కానీ చదువు మీద మనసు చావలేదు. ఊరేగింపు డిగ్రీ కాలేజీ ముందు నుంచి వెళ్తే చాలు, బూర దించి లోపలికి చూసేవాడు. పాట మధ్యలో తెగేది. పెళ్లివారు కేకలేసేవారు.

తాషా వాయించే సుభానీ ఓరోజు ఓ కబురు మోసుకొచ్చాడు.

"అన్నా, ఓపెన్ యూనివర్సిటీ వాళ్లు అర్హత పరీక్ష పెడతన్నారంట. టెన్తూ ఇంటరూ ఏమీ అడగరు. అది గట్టెక్కితే సరాసరి బి.ఏ.లో చేరొచ్చంట."

"నాలాంటోణ్ణి రానిస్తారంటావా?"

"వయసుంటే చాలంటన్నా. నీ దగ్గర అది దండిగా ఉందిగా."

యాకోబు భార్య దీనమ్మ పది దాకా చదివింది. పంతులమ్మ ఉద్యోగం ఆమె తనంతట తానే పుచ్చుకుంది. మొగుడికి ఏదీ బుర్రకెక్కకపోతే బ్యాండు పాటల వరసల్లోకి మార్చి నేర్పేది. దాంతో పెళ్లికూతురు మండపంలోకి నడిచి వస్తుంటే యాకోబు బుర్రలో రాష్ట్రాల రాజధానులు నడుస్తుండేవి. తాళి కట్టే వేళ ఊదే పాటలో ప్రాథమిక హక్కులు ఉండేవి. లెక్కలు మాత్రం ఏ వరసలోనూ ఇమడలేదు.

"ఈసారి పోతే మళ్లీ ఏడాదికే గదా దీనమ్మా. అప్పటికి నాకీ ధైర్యం ఉండదు" అనేవాడు. ఆ మాట వింటే కోటునైన నాకే దిగులేసేది.

పరీక్ష ఆషాఢంలో పెట్టారు. ముహూర్తాలు లేని నెల, హాయిగా రాసుకోవచ్చనుకున్నాడు. అది కాస్తా వాయిదా పడి శ్రావణంలో ఓ ఆదివారానికి మారింది. అదే పొద్దున ఓ పెళ్లికి బ్యాండు వాళ్లు ముందే మాటిచ్చేశారు. పరీక్ష పదింటికి, ఆ డిగ్రీ కాలేజీలోనే. అంతకన్నా ముందు పెళ్లికొడుకుని విడిది నుంచి కల్యాణ మండపానికి చేర్చాలి.

పెళ్లికొడుకు స్నేహితులు రోడ్డు మీద పాతుకుపోయి ఆడుతున్నారు. "ఇంకొక్కటన్నా!" అంటారు, అడుగు ముందుకు వెయ్యరు. యాకోబు చూశాడు, చూశాడు, బూర ఎత్తి ఒక్కసారిగా వేగం పెంచాడు. సుభానీకి సంగతి అర్థమై తాషా దంచేశాడు. ఆ దెబ్బకి ఆడేవాళ్లు పరిగెత్తారు, వాళ్ల వెనక జీపు, జీపులో తలపాగా పట్టుకుని పెళ్లికొడుకు. మగపెళ్లివారు చెప్పిన వేళకన్నా ముందు రావడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. పాపం పెళ్లికూతురి తండ్రి సగం గీసిన గడ్డంతోనే ఎదురొచ్చాడు.

సుభానీ బండెక్కి కాలేజీకి చేరాం. బట్టలు మార్చుకునే తీరిక ఏది? గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి బీడీ పారేసి సెల్యూట్ కొట్టాడు. హాల్లోకి అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. కిటికీల్లోంచి చీటీలు చకచకా ఎగిరిపోయాయి. ముందు బెంచీ పెద్దాయన ఓ చీటీని నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టాడు. ఇన్విజిలేటర్ కుర్రవాడు, కుర్చీ తుడిచాడు.

"రండి సార్. స్క్వాడ్ నుంచేనా? ఇక్కడంతా సక్రమంగా జరుగుతోంది సార్."

నా జీవితంలో నేను అంత ఆనందించిన క్షణం లేదు. ఈ మానవులు లోపలున్నది ఎవరో చూడరు, గుండీలు చూస్తారు.

"నేనూ రాయడానికే వచ్చానండీ" అని యాకోబు నా జేబులో చెయ్యి పెట్టాడు. ముందు అక్షింతలు రాలాయి, తరవాత హాల్ టికెట్టు వచ్చింది. హాలంతా గొల్లుమంది. పెద్దాయన ఒక్కడే నవ్వలేదు, అప్పటికే మింగేశాడు.

"ఆ కోటు తీసేసి కూర్చో" అన్నాడు ఇన్విజిలేటర్ మొహం మాడ్చుకుని. యాకోబు పై గుండీలు విప్పాడు. లోపల జల్లెడైపోయిన బనీను కనిపించింది.

"వద్దులే. ఉంచుకో."

అలా నేను కూడా పరీక్ష రాశాను. జవాబు తట్టనప్పుడు యాకోబు వేళ్లు బెంచీ మీద బూర మీటలు నొక్కేవి, పాట వచ్చేది, దాని వెనకే జవాబూ వచ్చేది. లెక్కల దగ్గర మాత్రం నా గుండీ పట్టుకుని తిప్పి తిప్పి ఊడబీకాడు. నాకు కోపం రాలేదు. ఇంకోటి కూడా పీక్కోరా అనిపించింది.

ఫలితాలు వచ్చిన రోజు సుభానీ ఫోనులో చూసి "పాసన్నా!" అని అరిచాడు. యాకోబు నమ్మలేదు. ఫోను దీనమ్మకిచ్చాడు. ఆమె చూసింది, ఇంకోసారి చూసింది, మొగుడి వీపు మీద ఒక్కటి చరిచి ఏడ్చేసింది.

అడ్మిషన్‌కి వెళ్లే రోజు ఊరేగింపుగా తీసుకెళ్తామని బ్యాండు వాళ్లంతా పట్టుబట్టారు. తీరా బయల్దేరాక గుర్తొచ్చింది, ట్రంపెట్ ఊదేవాడు ఒక్కడే, వాడే పెళ్లికొడుకు. సరే, తనే ఊదుకుంటానన్నాడు యాకోబు. ఊదాడు. తుస్సుమంది. బూర పలకాలంటే పెదాలు బిగపట్టాలి. అతని మూతి నవ్వు ఆపుకోలేకపోతోంది. మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి ఏడుపొచ్చింది. జరీ చెయ్యితో కళ్లు తుడుచుకుంటే గుచ్చుకుంటుందని తెలిసీ నాతోనే తుడుచుకున్నాడు. ఊరందరి పెళ్లిళ్లకూ ఊదిన మనిషి తన ఊరేగింపులో ఒక్క స్వరం పలికించలేక డోలు వెనకాల నడిచాడు.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"ఎవరి పెళ్లమ్మా? మండపం ఇటు కాదు, దారి తప్పారు."

"పెళ్లి కాదు బాబాయ్" అంది దీనమ్మ. "మా ఆయన కాలేజీకొచ్చాడు."