ముక్కెత్తిన కారు

రావులపాలెంలో అరటి గెలల లారీలకు కమాను పట్టీలు మార్చే జానకిరామ్‌కు రేసు కార్ల పిచ్చి ఎప్పుడు పట్టిందో ఎవరికీ తెలియదు. ఫోనులో వీడియోలు చూసి చూసి నేర్చుకున్నాడు. షాకబ్జార్బర్లు తను చెప్పినట్టు వింటాయని అతని నమ్మకం. నమ్మకం అనడం మర్యాదకు, అసలు మాట గర్వం. ఆ గర్వం చేసిన నిర్వాకమే ఇదంతా.

పల్లంరాజు గారు పాత కారొకటి కొని, ఇంజను మార్పించి, డ్రాగ్ రేసుకు సిద్ధం చేసుకుంటున్నారు. నిలబడ్డ చోటి నుంచి తిన్నగా దూసుకుపోవడమే ఆ పందెం. వెనక చక్రాలతో నడిచే బండి గనక, దీపం పచ్చబడగానే ముక్కు పైకి లేవాలి, బరువు వెనక్కి పోయి టైర్ల మీద కూర్చోవాలి. అప్పుడే టైర్లు ఊరికే తిరగకుండా నేలను పట్టుకుంటాయి. అందుకని జానకిరామ్ ముందు షాకబ్జార్బర్ల బిగువు పూర్తిగా వదిలేసి, వెనకవి బిగించాడు. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఒక్కసారి లాగించి చూపిస్తే, కారు పందెం పుంజులా మెడ ఎత్తింది.

“అదరగొట్టేశారండి జానకిరామ్ గారూ,” అన్నారు రాజుగారు. “రేపు అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయించేస్తాం. అక్కడికి మా బావగారు కూడా వస్తున్నారు. ఆయనకీ ఓసారి ఇలాగే చూపించాలి.”

ఈ చుట్టుపక్కల ఏ బండికైనా సత్యదేవుడి కొండ దగ్గర పూజ కానిదే పని మొదలవదు. ఆ సంగతి జానకిరామ్‌కు తెలుసు. ఇలా వదులు చేసిన బండి రోడ్డుకు పనికిరాదనీ తెలుసు. ఎత్తు దిగేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు మాట వినదు. బానెట్ ఎత్తి, ముందు షాకబ్జార్బర్ల మీదున్న రెండు నాబ్‌లు చేత్తో తిప్పి బిగిస్తే అయిపోయే పని. బిగిస్తే మాత్రం బావగారి ముందు ముక్కు లేవదు. ‘రాజుగారి డ్రైవరు వీరబాబు చెయ్యి తిరిగినవాడు, సర్దుకుంటాడులే’ అనుకున్నాడు. పోనీ ఆ వీరబాబు చెవిన ఒక ముక్క వేశాడా అంటే, అదీ లేదు. వింటే అప్పటికప్పుడు బిగించమంటాడని భయం.

మర్నాడు ఊరు దాటకుండానే, కాలవ వంతెన దిగుతూ కారు అదుపు తప్పి అరటితోటలో పడింది. వెనక సీట్లో ఉన్న రాజుగారి భార్య సత్యకుమారి గారి చెయ్యి విరిగింది. కారును లాక్కొచ్చి జానకిరామ్ షెడ్డులోనే దింపారు. అందరూ ఆసుపత్రికి పోయాక అతను చేసిన మొదటి పని, బానెట్ ఎత్తి ఆ నాబ్‌లు రెండూ బిగించడం. చేతులు వాటంతటవే చేశాయని తర్వాత తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. చేతులు వాటంతటవే ఏ పనీ చెయ్యవు.

సాయంత్రం రాజుగారు వచ్చి అడిగారు. “బండిలో ఏమైనా లోపం ఉందాండి?”

“లేదండి,” అన్నాడు జానకిరామ్.

పక్కనే వీరబాబు నిలబడి ఉన్నాడు. “తాగలేదండి, నిద్ర కూడా రాలేదు. ఎందుకలా అయిందో నాకే తెలీట్లేదు,” అన్నాడు, నేల చూపులు చూస్తూ.

వీరబాబుకు సెంటు పొలం లేదు. మీసం రాకముందు నుంచీ ఆ ఇంటి స్టీరింగే అతని బతుకు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర కనిపిస్తే చాలు, “సైకిలైనా తిన్నగా తొక్కుతావా?” అని ఎగతాళి చేసేవాళ్ళే. జానకిరామ్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు గానీ, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. తప్పు చేసిన చేతిని అన్నంలో పెట్టడానికి కూడా సిగ్గేసేది.

సత్యకుమారి గారి కట్టు విప్పాక ఇంట్లోనే సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. జానకిరామ్‌నూ పిలిచారు. ఇవాళ చెప్పేయాల్సిందేనని గట్టిగా అనుకుని, అందరికన్నా ముందే వెళ్ళాడు. రాజుగారు పీటల మీద కూర్చోబోతున్నారు. పక్కకు పిలిస్తే వచ్చేవారే. పిలవలేదు. ఈలోగా పంతులుగారు కథ మొదలెట్టారు. కథ మధ్యలో లేవకూడదు కదా, అయ్యాక చెబుదాం అనుకున్నాడు. పిరికివాడికి ఎప్పుడూ ఏదో ఒక ఆచారం అడ్డొస్తుంది. అబద్ధమాడిన వర్తకుడి ఘట్టం వచ్చేసరికి అతని చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. అయినా లేవలేదు.

హారతి అయింది. ప్రసాదం పంచుతున్నారు. వీరబాబు ప్రసాదం చేతిలో పట్టుకుని పీఠం ముందుకు వెళ్ళాడు.

“స్వామీ, నా మూలంగా అమ్మగారి ప్రాణమే పోయేది,” అన్నాడు. “ఇంక ఈ జన్మలో స్టీరింగు ముట్టుకోను. నీ మీద ఒట్టు.” ప్రసాదం కళ్ళకద్దుకుని తినేశాడు.

అప్పుడు లేచాడు జానకిరామ్. వదులు చేసింది, తెలిసీ బిగించనిది, తర్వాత దొంగతనంగా బిగించింది, ఏదీ దాచకుండా అందరి ముందూ చెప్పేశాడు. రాజుగారు అతనికేసి చూడను కూడా చూడలేదు. జేబులోంచి తాళాలు తీసి వీరబాబుకు చాపారు.

“విన్నావు కదరా. నీ తప్పేం లేదు. తీసుకో.”

వీరబాబు చెయ్యి చాపలేదు. “స్వామి ముందు అనేశానండి. ప్రసాదం కూడా తినేశాను.”

“నా తప్పుకు నువ్వు ఒట్టేశావు, అది చెల్లదు వీరబాబూ,” అన్నాడు జానకిరామ్. “నన్ను తిట్టు, కొట్టు. పడతాను.”

తిడితే బాగుండును అనిపించింది అతనికి. వీరబాబు తిట్టలేదు. కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతోనే అన్నాడు.

“కథ మొదలవకముందే వచ్చారు కదండీ మీరు. నేను ఒట్టేసేదాకా నా వెనకాలే కూర్చున్నారు.”