మర్నాటి మొరుగు

పొద్దున్న ఏడున్నరకి గేటు దగ్గర కుక్క మొరిగితే ఆ ఇంట్లో ఎవరూ తల తిప్పి చూడరు. అది నిన్నటి పేపరు మనిషి మీద మొరిగిన మొరుగు. ఇవాళ్టి పేపరు మనిషి వచ్చినప్పుడు కుక్క గేటు దాకా పరిగెత్తి, నోరు తెరిచి, గొంతు ఎగిరెగిరి పడేలా, పక్కటెముకలు అదిరేలా మొరుగుతుంది గానీ చప్పుడు రాదు. ఆ చప్పుడు రేపు, అదే వేళకి, అదే చోట వినపడుతుంది. అప్పటికి కుక్క అక్కడ ఉండొచ్చు, పెరట్లో నిద్రపోతూ ఉండొచ్చు. పేపరు మనిషి రోజూ ఒకే వేళకి వస్తాడు కాబట్టి దూరం నుంచి చూసేవాళ్లకి మామూలు కుక్కలాగే ఉంటుంది. అతను ఆలస్యంగా వచ్చే ఆదివారం మాత్రం మొరుగొకచోట, కుక్కొకచోట. ఎదురింటి లెక్కల టీచరు ఆ మొరుగు వినే స్నానానికి లేస్తుంది.

కుక్క పేరు తాపీ. ఆ ఇంటావిడ అన్నయ్య పెట్టిన పేరు. ఆయన తాపీ మేస్త్రీ. మొరగడానికి కూడా ఇంత తాపీ ఏమిటే నీకు అని ఒకరోజు విసుక్కున్నాడు, ఆ మాటే పేరైపోయింది.

ఇంటావిడ కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. వీధిలో అందరూ ఆవిణ్ణి పళ్లావిడ అంటారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్లు సంచీ పట్టుకొచ్చి అరటిపళ్లున్నాయా అని అడగడం మామూలే. భర్త సిటీ బస్సు డ్రైవరు. కూతురు ఎనిమిదో తరగతి.

ఆరేళ్ల కిందట మేస్త్రీని ఆసుపత్రికి తీసుకెళ్లిన ఉదయం తాపీ ఆయన ఇంటి గేటు పట్టుకుని నిలబడి, వ్యాను సందు మలుపు తిరిగేదాకా నోరు తెరిచి మొరిగింది. ఆయన ఆ సాయంత్రమే పోయాడు. మర్నాడు అందరూ ఇంటి ముందు కుర్చీల్లో కూర్చుని ఉండగా ఆ మొరుగు వచ్చింది. వెళ్తున్న మనిషిని వెనక్కి పిలుస్తున్నట్టుగా ఉంది. వినడానికి ఆయన లేడు. పళ్లావిడ లేచి వెళ్లి కుక్కని ఒళ్లోకి తీసుకుని, తనింటికి తెచ్చుకుంది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో సెలవులనేవి లేవు. అంతకుముందు ఏటా వేసవిలో సముద్రం ఒడ్డున ఒకే హోటల్‌కి వెళ్లి నాలుగు రోజులుండేవారు. హోటల్‌లోకి కుక్కని రానివ్వరు. ఒకసారి కుక్కల్ని చూసుకునే చోట వదిలి చూశారు. రెండో రోజే ఫోన్ వచ్చింది, ఎవరూ మొరగని చోట మొరుగు వినపడి మిగతా కుక్కలన్నీ అన్నం మానేశాయి, వచ్చి తీసుకుపొమ్మని. వాళ్ల తప్పేమీ లేదు. బంధువులు కూడా ఏదో ఒకటి చెప్పి తప్పుకున్నారు. ఆరు వేసవులు అలాగే గడిచాయి. ఈలోగా స్టీరింగు ముందు కూర్చుని కూర్చుని డ్రైవరు నడుం పట్టేసింది. కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. డాక్టరు మందులు రాసి, కొన్నాళ్లు ఎక్కడికైనా వెళ్లి పడుకోవయ్యా అన్నాడు. ఎక్కడికి అని డ్రైవరూ అడగలేదు, డాక్టరూ చెప్పలేదు.

అలాంటప్పుడు హోటల్ నుంచి కార్డు వచ్చింది. ఈ వేసవి నుంచి కుక్కలకి కూడా గదులిస్తామని.

పళ్లావిడ ఆ కార్డుని మూడుసార్లు చదివి, చేతికంటిన ప్లాస్టర్ పొడి తుడుచుకుని ఫోన్ చేసింది. రిసెప్షనిస్టు గొంతు పాతదే, అతనికీ ఆవిడ గుర్తుంది. కుక్క ఎత్తెంత, టీకాలు వేయించారా, మంచం ఎక్కుతుందా, అన్నీ అడిగి చివరికి మొరుగుతుందా అన్నాడు.

"మొరుగుతుందండీ. కాకపోతే మర్నాడు వినపడుతుంది," అంది పళ్లావిడ.

అతను అది కూడా రాసుకున్నాడు. పగలు మొరిగితే ఇబ్బంది లేదన్నాడు. "ఖాళీ చేసే రోజు మాత్రం జాగ్రత్తమ్మా. ఆ రోజు మొరిగితే మీరు వెళ్లిపోయాక మా మీద పడుతుంది. ఈ పద్ధతి ఈ వేసవికి పరీక్షగా పెట్టారు. మా సూపర్వైజరు గారికి అసలు ఇష్టం లేదు. ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆపేయిస్తానని ఓనరుతో చెప్పే ఉన్నారు."

అలా మొదలైంది ఆ ఇంట్లో ప్రయాణానికి కసరత్తు. బట్టలు సర్దడం ఒక పూటలో అయిపోయింది. కుక్కని సర్దడానికి మూడు వారాలు పట్టింది. తాపీ దేన్ని చూస్తే మొరుగుతుందో కూతురు ఒక కాగితం మీద రాసింది: పేపరు మనిషి, చక్రాలున్న పెట్టెలు, గొడుగులు, లెక్కల టీచరు. చక్రాల పెట్టెలు హోటల్ నిండా ఉంటాయి కాబట్టి అటక మీంచి పాత పెట్టె దింపి రోజూ సాయంత్రం తాపీ ముందు అటూ ఇటూ లాగారు. మొదటివారం గొంతు ఎగరేసింది. రెండోవారం విసుగ్గా చూసింది. మూడోవారం ఆ పెట్టెలోకే ఎక్కి పడుకుంది. బయల్దేరే రోజు ఎదురింటికి తాళం ఇస్తూ, రేపు పొద్దున్న మొరుగొకటి ఉంటుంది, ఎల్లుండి నుంచి ఉండదు అని పళ్లావిడ చెప్పింది. అయితే నేను అలారం పెట్టుకోవాలన్నమాట అంది టీచరు.

హోటల్‌లో వాళ్లకి కింది అంతస్తులో చివరి గది ఇచ్చారు. పక్కనే దుప్పట్లు, దిండ్లు పెట్టే గది, దాన్నానుకుని బట్టలుతికే మెషీన్లు. గది చూపించడానికి సూపర్వైజరే స్వయంగా వచ్చింది. సన్నటి మనిషి, నడుముకి తాళాల గుత్తి, చీపురు పుల్లలా నిటారుగా ఉంది. షరతుల కాగితం చదివి వినిపించి, సంతకం పెట్టించుకుని, కుక్క వంక చూసింది.

"నేను కుక్కల మనిషిని కాను. ముందే చెప్తున్నా," అంది.

తాపీ ఆవిడ చెప్పుల దగ్గర పడుకుంది.

నాలుగు రోజులు హాయిగా గడిచాయి. డ్రైవరు ఇసుకలో వెల్లకిలా పడుకుని, ఎవరూ గంట కొట్టని చోట, ఎవరూ దిగుతామని అరవని చోట, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. మూడో రోజుకి చేతులానించకుండా లేచి నిలబడి, లేచానన్న సంగతి రెండడుగులు వేశాక గాని గుర్తించలేదు. తాపీ మొదటిసారి సముద్రాన్ని చూసి, ఒక్కో అలకీ ఎదురెళ్లి నోరు తెరిచింది. మర్నాడు అదే వేళకి అది పడవ నీడలో కునుకు తీస్తుంటే, ఖాళీ ఒడ్డు మీద దాని మొరుగు అలల వెంట ముందుకీ వెనక్కీ పరిగెత్తింది. నీళ్లలో ఆడుకునేవాళ్లు పక్కకి తప్పుకుని దారిచ్చారు.

సూపర్వైజరు రోజూ వచ్చి మంచం మీద వెంట్రుకలున్నాయేమో వంగి వెతికేది. రెండో రోజు ఒకటి దొరికింది. చిటికెతో పట్టుకుని చూసి, ఇది మీ ఆయనది అని వదిలేసింది. మూడో రోజు ఎందుకో పాత దుప్పటి ఒకటి తెచ్చి తలుపు పక్కన పరిచింది. పారేయాల్సిందేలెండి అని మాత్రం అంది.

ఖాళీ చేసే రోజు పదింటికి పెట్టెలతో గది బయటికొచ్చారు. పేపరు మనిషి లేడు, గొడుగు లేదు, టీచరు లేదు. పళ్లావిడ తాడుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. పది అడుగులు నడిస్తే బయటపడతారు.

దుప్పట్ల గది తలుపు ముందు తాపీ ఆగింది. మూసున్న తలుపు వంక చూసింది. నోరు తెరిచింది.

గొంతు ఎగిరెగిరి పడుతోంది, ఒళ్లంతా ఊగిపోతోంది. కూతురు నోరు మూయబోయింది, డ్రైవరు నడుం సంగతి మరిచిపోయి ఎత్తుకోబోయాడు. అది నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి కదల్లేదు. పళ్లావిడ గోడ గడియారం వంక చూసింది. పది దాటి ఐదు నిమిషాలు. ఆపేసరికి పది దాటి పది.

"రేపు ఈపాటికి మనం ఇంట్లో ఉంటాం. పద," అన్నాడు డ్రైవరు.

చెప్పేయాలి అనుకుంటూనే ఆవిడ రిసెప్షన్ దాకా నడిచింది. అక్కడ సూపర్వైజరు నిలబడి ఉంది. వాళ్ల కాగితం తీసి, అడుగున 'ఫిర్యాదు లేదు' అని రాసి, సంతకం చేసి, కొందరు మనుషుల కంటే నయం అంది. ఆ మాట విన్నాక పళ్లావిడ మొరుగు సంగతి ఎత్తలేకపోయింది. తాళంచెవి ఇచ్చేసి వచ్చి బండెక్కింది.

దారిపొడుగునా ఆవిడ లెక్క వేసుకుంటూనే ఉంది. ఆరేళ్ల తర్వాత దొరికిన నాలుగు రోజులు, వాటి తర్వాత ఒక్క అబద్ధం. అబద్ధం కూడా కాదు, చెప్పకపోవడం. తమలాగే ఎక్కడో ఎవరో కుక్కని పెట్టుకుని ఆ కార్డు చూసి సంబరపడుతూ ఉంటారు. రేపు పదీ ఐదుకి వాళ్లందరి సెలవులూ పోతాయి.

మర్నాడు ల్యాబులో మైనం కరిగిస్తూ గడియారం చూస్తూనే ఉంది. పదీ ఐదుకి చేతిలో పని ఆపేసింది. పదీ పదికి మళ్లీ మొదలుపెట్టి, ఎవరో పెద్దాయన పై పళ్ల వరసలో ఒక కోరపన్ను తిరగేసి అతికించింది. దాన్ని పీకి సరిచేస్తుండగా పదకొండున్నరకి ఫోన్ మోగింది. హోటల్ నంబరు.

"అమ్మా, నిన్న మీ కుక్క దుప్పట్ల గది ముందు మొరిగిందా?" అన్నాడు రిసెప్షనిస్టు.

ఆవిడ ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. మొరిగిందని, చూశామని, చెప్పాల్సిందని, చెప్పలేకపోయామని, తప్పు తనదే గాని కుక్కది కాదని, మిగతా కుక్కల్ని దయచేసి రానివ్వమని. అవతల అతను మధ్యలో రెండుసార్లు అమ్మా అమ్మా అన్నాడు.

"ముందు నా మాట వినండి," అన్నాడు చివరికి.

అతను చెప్పిందిది. ఆ ఉదయం తొమ్మిదింటికి సూపర్వైజరు దిండ్ల కోసం దుప్పట్ల గదిలో నిచ్చెన ఎక్కింది. నిచ్చెన జారింది. తుంటి విరిగింది, తలకి అలమార అంచు తగిలి రక్తం కారిపోతోంది. తలుపు దానంతటదే మూసుకుపోయింది. పక్కన మెషీన్ల మోతలో కేక వేసినా వినపడదు. పై అంతస్తులో ఉందని కిందివాళ్లు, కింద ఉందని పైవాళ్లు అనుకున్నారు. గంట దాటింది. అప్పుడు మొరుగు మొదలైంది.

ఆ రోజు హోటల్‌లో ఒక్క కుక్కా లేదు. నిన్నటి కుక్కదే అయ్యుంటుందని రిసెప్షనిస్టుకి అర్థమైంది, ఒళ్లు మండింది. ఎన్ని నిమిషాలు మొరిగిందో రాసి పెడదామని వాచీ చూసుకుంటూ వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. మోతలో మోతగా మొరుగు చెవులు బద్దలు కొడుతోంది. అది ఆగినప్పుడల్లా లోపల్నుంచి టక్ మని చప్పుడు. మళ్లీ మొరుగు, మళ్లీ టక్. తలుపు తీశాడు. ఆవిడ నేల మీద పడుంది, తాళాల గుత్తితో అలమార కాలుని కొడుతోంది.

"ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారు డాక్టరు. ఇప్పుడు ప్రాణభయం లేదు," అన్నాడు. ఆపైన, "మీరు నిన్న చెప్పి వెళ్లుంటే, నిన్నటి మొరుగేలే అని నేను కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదమ్మా," అన్నాడు.

పళ్లావిడ ఫోన్ పెట్టేసి బల్ల మీద తల ఆనించింది. ల్యాబులో వాళ్లు ఏమైందని చుట్టూ మూగారు. ఏం లేదు, ఏం కాలేదు అంటూ నవ్వుతోంది, ముక్కు తుడుచుకుంటోంది. సాయంత్రం డ్రైవరుకి చెబితే ఆయన చాలాసేపు తాపీ వీపు నిమురుతూ కూర్చుని, నేను దీన్ని లాక్కుపోదామని చూశాను అని మాత్రం అన్నాడు.

పది రోజుల తర్వాత ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ మోగింది. సూపర్వైజరు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిందట, చేతికర్రతో నాలుగడుగులు వేస్తోందట. గొంతు కొంచెం సన్నబడింది గాని నిటారుగానే ఉంది. థాంక్స్ లాంటివేవీ చెప్పలేదు. ఆ తలుపు వెనక పడున్నప్పటి సంగతి చెప్పింది.

"మొదట భయం వేసింది. తర్వాత ఎవరో నాతో మాట్లాడుతున్నారనిపించింది. అది ఒకటంటే నేను ఒకటన్నాను. అంతే. లేకపోతే నిద్రపోయేదాన్ని."

అవతల ఆవిడ గొంతు సవరించుకుంది. "ఒకసారి ఫోన్ దాని దగ్గర పెట్టండి," అంది.

హాల్లో, కిటికీ పక్కన తాపీ పడుకుని ఉంది. పళ్లావిడ ఫోన్ దాని చెవికి ఆనించింది. ఆవిడ ఏం చెప్పిందో తెలియదు, చాలాసేపే చెప్పింది. తాపీ చెవి రిక్కించి వింది. తోక నేలకేసి కొట్టింది. లేచి నిలబడి నోరు తెరిచింది, గొంతు ఎగరేసింది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"ఏమంటోంది?" అంది సూపర్వైజరు.

పళ్లావిడ గడియారం చూసింది. "ఆరు దాటి పన్నెండు నిమిషాలండీ. రేపు ఇదే వేళకి ఫోన్ చేయండి."

మర్నాడు డ్రైవరు తాపీని బజారుకి తీసుకెళ్లాడు. పళ్లావిడ ల్యాబు నుంచి తొందరగా వచ్చి, హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆరు దాటి పదకొండు నిమిషాలకి ఫోన్ మోగింది. ఆవిడ పలకరించకుండా ఎత్తి, చేయి చాచి, ఎవరూ లేని చోట పట్టుకుంది.