నీరు పట్టిన ముఖం

కామేశానికి భార్య రమాదేవి తన కిడ్నీ ఇచ్చి మూడేళ్లయింది. నరసరావుపేటలో వాళ్ల బట్టల కొట్టు మళ్లీ తెరుచుకుంది. పొద్దుటి మాత్రలు ఆవిడే చేతిలో పెట్టేది. రాత్రివి పొట్లం కట్టి కొట్టుకు పంపేది.

కామేశం తమ్ముడు రవిచంద్ర ఇమ్యూనిటీ పౌడరు డబ్బాలు అమ్ముతుంటాడు. ఒకరోజు కొట్టుకొచ్చి కూర్చున్నాడు.

"ఎన్నాళ్లు మింగుతావన్నా ఆ మాత్రలు? ఒంట్లో ఉన్న ఇమ్యూనిటీని చంపేస్తన్నయ్. ఇది పాలల్లో కలుపుకుని తాగు. వదినకి చెప్పబాక, కంగారు పడిద్ది."

ఆ రోజు నుంచి రాత్రి మాత్రలు కొట్టు వెనక మురుక్కాలవలోకి పోయాయి. కొన్నాళ్లకు కామేశం పాదాలు వాచాయి, మూత్రం తగ్గింది. గుంటూరు ఆస్పత్రిలో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు.

"మేం మందులిచ్చేది మీ ఇమ్యూనిటీని అణిచి ఉంచడానికేనండీ. అది లేస్తే ముందు పడేది మీ ఆవిడ ఇచ్చిన కిడ్నీ మీదే. మాత్రలు మానేశారా?" అన్నాడు డాక్టరు.

కామేశం అప్పుడు రమాదేవి ముందే తల వంచుకుని, మాత్రలు పారేసిన సంగతీ పౌడరు సంగతీ చెప్పాడు. పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ముఖం ఉబ్బింది గాని కిడ్నీ కోలుకోలేదు. డయాలసిస్ మొదలైంది.

రవిచంద్ర బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. అన్న పక్కన కూర్చుని ఫొటో దిగాడు. ఆ ఫొటోనే తర్వాత రమాదేవి ఫోనులో కనిపించింది. కింద రాసి ఉంది: 'కిడ్నీ మార్పిడి జరిగిన మా అన్నయ్య. మా పౌడరుతో ముఖం ఎంత నిండుగా ఉందో చూడండి.'

ఆవిడ ఫోను పక్కన పడేసి సబ్బుతో చేతులు కడుక్కుంది.

రవిచంద్ర పౌడరు అమ్మడానికి ఓ హాల్లో మీటింగు పెట్టాడని తెలిసి వెళ్లింది. తెర మీద అదే ఫొటో ఉంది.

"అది నీరు పట్టిన ముఖం," అంది నిలబడే. "ఈ పౌడరు నమ్మి మందులు మానేశాడు. నేనిచ్చిన కిడ్నీ పోయింది. ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు."

రవిచంద్ర నవ్వు చెదరకుండా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "బయట మాట్లాడుకుందాం వదినా. ఇంటి పరువు గదా."

కొందరు లేచి వెళ్లారు. చానామంది డబ్బాల కోసం కూర్చునే ఉన్నారు.

డయాలసిస్ మంచం మీద కామేశం ఆవిడ చెప్పిందంతా విన్నాడు.

"నలుగుర్లో అట్టా అన్నావేందే? వాడు మంచికేగా ఇచ్చింది. తమ్ముడు గదా."

రమాదేవికి మొదటిసారి భర్త మీద రోత పుట్టింది. అతని చేతికి సూది ఉంది గనక లేచి వెళ్లిపోలేదు. స్టూలు కాస్త వెనక్కి జరుపుకుని కూర్చుంది.