వెనక కూర్చునే తల

నేను రుబ్బురోటి దగ్గర ఉన్నాను. మినప్పిండి మోచేతి దాకా అంటుకుని ఉంది. వీధి గుమ్మంలోంచి ఆయన కేక వినిపించింది.

"వేణీ! మన బండి వచ్చిందోయ్! బెజవాడ షాపు నుంచి కబురొచ్చింది!"

పొత్రం వదిలేసి, పిండి చేతులతోనే లేచి ఎగిరాను. నిజంగానే ఎగిరాను, రెండు కాళ్లూ నేల మీంచి లేచాయి. పేరు రాయించుకుని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న జావా మోటారు సైకిలు. పెళ్లిచూపుల్లో ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట కూడా దాని గురించే. "జావాకి పేరు రాయించాను. మీకు భయం లేదు గదా?" అన్నారు. వంట వచ్చా, పాట వచ్చా అని అడిగే చోట ఈ మనిషి నన్ను భయం సంగతి అడిగారు. నేను ఆ ఒక్క ప్రశ్నకే ఒప్పేసుకున్నాను. ఆయన పేరు భాస్కరరావు అని ఆ తర్వాతే సరిగ్గా విన్నాను.

మా అత్తగారు సీతారావమ్మగారు వంటింట్లోంచి తొంగి చూశారు. "బండొచ్చింది వాడికి. నువ్వెందుకు అమ్మాయ్ ఎగరడం? కూర్చుని పిండి సంగతి చూడు."

నవ్వొచ్చింది. కూర్చుని రుబ్బాను. కొత్త కోడలికి అన్నీ నవ్వుగానే ఉంటాయి. కొత్త గాజుల చప్పుడు, పెరట్లో వేపపూత వాసన, ఆయన సైకిలు గంట రోజూ సాయంత్రం సందు మలుపులోనే మోగడం, అన్నిటికీ సంతోషమే. గుంటూరు హాస్టల్లో నా స్నేహితురాళ్లు "నువ్వు చీమని చూసినా మురిసిపోతావే" అనేవాళ్లు. ఆ మురిపెంలో ఎన్ని మాటలు నవ్వుతూ మింగేశానో ఇవాళ నుదుటి మీద కుట్లు సలుపుతుంటే ఒక్కొక్కటీ పైకి వస్తున్నాయి.

హెల్మెట్ ఆలోచన నాది. ఈ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు గనుక ముందుగా చెప్పుకుంటున్నాను. కాలేజీలో మాకు ఫిజిక్సు చెప్పిన మేడమ్ తమ్ముడు మోటారు సైకిలు మీంచి పడి చనిపోయాడు. ఒంటి మీద ఎక్కడా గీత లేదుట, తల తప్ప. ఆవిడ సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు పాఠం చెప్పకుండా నల్లబల్ల వైపు తిరిగి నిలబడిపోవడం నేను మర్చిపోలేదు. అందుకే బండి తెచ్చుకునేందుకు బెజవాడ బయల్దేరే ముందు, హెల్మెట్ కూడా కొనాలి అన్నాను.

మా మావగారు హనుమయ్యగారు చుట్ట పక్కన పెట్టి నా వైపు చూశారు. "మా నాన్న గుర్రమెక్కి తోటలన్నీ తిరిగాడమ్మా. నెత్తిన ఏం పెట్టుకున్నాడు? తలపాగా."

"గుర్రానికి కళ్లుంటాయి గదండీ మావయ్యగారూ. బండికి ఉండవు."

ఆయన గట్టిగా నవ్వారు. "బియ్యెస్సీ కోడలు గదా, మాటకి మాట ఉంటుంది. సరే కొనుక్కోండి. ఖరీదైంది మాత్రం వద్దు. బండికే బోలెడైంది."

బెజవాడ వన్‌టౌన్‌లో ఒక సందులో ఉంది ఆ కొట్టు. బల్ల మీద మూడు రకాలు పెట్టాడు కొట్టాయన. ఒకటి విదేశీ సరుకు, నిగనిగలాడుతోంది. దాని ధర వినగానే మా ఆయన దాన్ని తిరిగి బల్ల మీద మెల్లగా పెట్టేశారు, పగులుతుందేమో అన్నట్టు. రెండోది చవక. చెవుల మీదికి తోలు రెక్కలు, లోపల పల్చటి గుడ్డ. వేలితో నొక్కితే లోపలికి పోయింది. "తల నొక్కుకున్నా ఇలాగే పోతుంది" అన్నాను. కొట్టాయన ఆయన వంక చూసి, "ఏంటి సార్, అమ్మగారు కూడా బండి తోల్తారా ఏంటి?" అని నవ్వాడు. ఆయన కూడా నవ్వారు.

మూడోది నేను చేతిలోకి తీసుకున్నాను. పైన గట్టి ఫైబరు, లోపల కార్కు బెరడు, దాని మీద తోలు పట్టీలు. చెమట పోయేందుకు చిన్న చిన్న కన్నాలు. చెవులు మూయదు, వెనక లారీ హారను వినిపిస్తుంది. అన్నిటికంటే నచ్చింది ముందున్న అంచు. గుండీలతో తగిలించారు దాన్ని. రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఎండ కళ్లలో పడకుండా పెట్టుకోవచ్చు. తోటల్లోకి దిగేటప్పుడు టపటపా గుండీలు తీసేస్తే నున్నటి గుండు, కొమ్మ తగిలినా జారిపోతుంది. మా బతుకు సగం తారు రోడ్డు మీద, సగం మామిడి చెట్ల కింద. నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే రోడ్డు దిగితే మా తోట దాకా ఎర్రమట్టి బాటే, గుంటలూ వేళ్లూ. రెంటికీ పనికొచ్చేది ఇదొక్కటే, ధర కూడా మధ్యస్థం. ఇదంతా నేను చెబుతుంటే కొట్టాయన "అవునండీ సార్, అవునండీ సార్" అని ఆయనకే జవాబిస్తూ ఉన్నాడు.

ఆయన పెట్టుకున్నారు, సరిపోయింది. సరదాకి నేనూ పెట్టుకున్నాను. జడ పైకెత్తి పట్టుకుని అద్దంలో చూసుకున్నాను. సరిగ్గా సరిపోయింది! ఇద్దరి తలలూ ఒకే సైజని తెలిసి, జాతకాల్లో ఎవరూ చూడని పొంతన ఏదో కలిసినట్టు పొంగిపోయాను.

"రెండు తీసుకుందామాండీ?"

"నీకెందుకోయ్? నడిపేది నేను గదా. హెల్మెట్ నడిపేవాళ్లకి" అన్నారు ఆయన. "నువ్వు నా వెనకాల ఉంటావు. ముందు నేనుండగా నీకేం తగులుతుంది?"

నాకు ఎంత ముద్దొచ్చిందో ఆ మాట! సిగ్గుపడ్డాను కూడా.

ఇంటికొచ్చాక అత్తగారు బండికి ఎర్రనీళ్లతో దిష్టి తీసి, హెల్మెట్‌కి కూడా కుంకుమ బొట్టు పెట్టారు. పక్కింటి అప్పారావుగారు వచ్చి దాన్ని తట్టి చూసి బాగుందంటే, మావగారు "మావాడు భలే ఏరి తెచ్చాడయ్యా" అన్నారు. మా ఆయన నా వైపు చూసి ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు మా ఇద్దరి మధ్యా రహస్యం అనుకుని మురిశాను. "వేణి ఏరింది నాన్నా" అనడానికి నోట్లో ఎంత జాగా కావాలి?

మొదట్లో ఆ బండి మీద ఎంత సుఖపడ్డానో దాచను. పొద్దున్నే గాలి, ఇరుపక్కలా మామిడి పిందెలు, ఆయన ఈల. ఒక ఆదివారం తోటలో ఎవరూ లేనప్పుడు, "నేర్చుకుంటావా?" అని ఆయనే అడిగారు. నాకు సైకిలు బాగా వచ్చు. చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కాను. ఆయన తన హెల్మెట్ తీసి, అంచు గుండీలు ఊడదీసి, నా తలకి పెట్టి, గడ్డం కింద పట్టీ తనే బిగించారు. "నడిపేవాళ్లకి హెల్మెట్" అన్నారు పెద్ద మాస్టారులా. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ చెట్ల వరసల మధ్య అటూ ఇటూ తిరిగాను. గేరు మార్చడం, గుంటలో పడకుండా తిప్పడం, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని గేటు దాకా పోవడం, అన్నీ వచ్చేశాయి. "ఇంట్లో మాత్రం చెప్పకు" అన్నారు. అదీ రహస్యమే. అదీ మురిపెమే.

తర్వాత కాయ దిగి కోతలు మొదలయ్యాయి. అంతకు ముందు తోటకి భోజనాలు పాలేరు పోతురాజు సైకిలు మీద తీసుకెళ్లేవాడట. బండి వచ్చింది గదా, "అబ్బాయి ఎలాగూ వెళ్తాడు, అమ్మాయి వెనక కూర్చుని పట్టుకెళ్తుంది" అన్నారు అత్తగారు. అంటే వండటం నేనే, సర్దటం నేనే, మోయడం కూడా నేనే. బండి వచ్చాక నా పని తగ్గలేదు, దాని వేగం పెరిగింది. ఒళ్లో పెద్ద క్యారియర్. ఒక చెయ్యి దాని మీద, రెండో చేతిలో మజ్జిగ క్యాను. "కాళ్లు రెండూ ఒక పక్కకే వెయ్యి. బజార్లో వాడి నడుం పట్టుకోకు, నలుగురూ చూస్తారు" అని గుమ్మంలో నిలబడి చెప్పేవారు అత్తగారు. పట్టుకోవడానికి నాకు చెయ్యేది? రోడ్డు మీద ఫరవాలేదు. ఎర్రమట్టి బాట ఎక్కగానే నా ప్రాణం నా చేతుల్లో ఉండేది కాదు. చేతుల్లో పప్పూ పులుసూ మజ్జిగా ఉండేవి.

తోట గేటు దగ్గర ప్రతిరోజూ అడిగేదాన్ని. "అంచు తీసేయండి. కొమ్మలకి పట్టుకుంటుంది."

"అది లేకపోతే గుండు గీయించుకున్నట్టు ఉంటుందోయ్. ఉంటే పైలట్‌లా లేనూ?"

కాయలు ఏరే వెంకాయమ్మ మమ్మల్ని చూసి రోజూ ఒకే పాట. "అబ్బాయిగారి నెత్తిన డిప్ప, అమ్మాయిగారి నెత్తిన చెండు!" కోత మనుషులంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, జడలో మల్లెచెండు సర్దుకుంటూ.

ఇవాళ బాట మలుపులో ఉన్న చిన్నరసం మామిడి చెట్టు దగ్గర జరిగింది. కాపు బరువుకి దాని కొమ్మ బాట మీదికి వంగి ఉంది. ఆయన చూశారు, వంగారు. హెల్మెట్ అంచు కొమ్మని పట్టుకుంది, కొంత దూరం ఈడ్చుకెళ్లింది, జారి వదిలేసింది. కొమ్మ తన బలమంతా తెచ్చుకుని వెనక్కి వచ్చింది. ఆయన వీపూ ఆ గుండ్రటి హెల్మెటూ తప్ప నాకు ఏమీ కనిపించలేదు. ముందు ఆయనుండగా నాకేం తగులుతుందో అప్పుడు తెలిసింది.

నేల మీద ఉన్నాను. నోట్లో మట్టి. కంట్లోకి వెచ్చగా ఏదో దిగుతోంది. తెగిన తొడిమల సొన చెంప మీద పడి భగ్గుమంటోంది. పులుసు ఎర్రమట్టిలోకి ఇంకిపోతోంది. ఆయన పరిగెత్తుకొచ్చారు. అబద్ధం చెప్పను, బండి సంగతి కూడా చూసుకోలేదు. తువ్వాలు చింపి కట్టారు. ఊళ్లో డాక్టరుగారి దగ్గర కుట్లు వేస్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డారు. ఆ కాసేపూ ఆయన్ని క్షమించేశాను కూడా.

సాయంత్రం నన్ను నడవలో మంచం మీద పడుకోబెట్టి అందరూ వసారాలో కూర్చున్నారు. నా కుట్లు తలకే గాని చెవులకి పడలేదు.

"ముందు చూసుకుని కూర్చోవద్దూ?" అత్తగారి గొంతు. "మనుషులంతా మధ్యాహ్నం అన్నం లేక ఎండలో మాడారు. క్యారియర్ గిన్నె సొట్టపోయింది, మూత పట్టడం లేదు."

మావగారు అడిగారు. "హెల్మెట్‌కేమైనా అయిందా?"

"లేదు నాన్నా, చూడండి. అంత కొమ్మ తగిలినా గీత కూడా పడలేదు."

"మంచి సరుకురా. భలే ఏరావు."

గీత నా మీద పడింది మావయ్యగారూ. అది పడవలసిన చోటే పడిందా, అని అడగాలనిపించింది. గొంతు దాకా వచ్చింది. అప్పుడే ఆయన లోపలికి వచ్చి నా పక్కన కూర్చుని, ఎంతో ప్రేమగా, నా చెయ్యి పట్టుకుని అన్నారు.

"నేను వంగాను గదా వేణీ. నువ్వు కూడా వంగాల్సింది."

ఆ మాట దగ్గర నాలో మురిపెం అంతా ఒక్కసారిగా విరిగింది. కొమ్మ కనిపిస్తే గదా వంగడానికి? కనిపించేది ముందు కూర్చున్నవాళ్లకి. పట్టుకోవడానికి హ్యాండిలున్నది ముందు కూర్చున్నవాళ్లకి. కాళ్లు రెండు పక్కలా ఆనించుకునేది వాళ్లే, తలకి బెరడూ తోలూ ఫైబరూ ఉన్నదీ వాళ్లకే. ఏమీ కనిపించని, ఏమీ పట్టుకోలేని, ఒక పక్కకి వేలాడే తలకి మల్లెపూలు. ఈ ఏర్పాటు ఎవరు చేశారు? కాలేజీలో బలాలూ వేగాలూ చదువుకున్నదాన్ని, తొమ్మిది ప్రశ్నలు వేసి హెల్మెట్ ఏరినదాన్ని, వెనక తలకి ఎందుకక్కర్లేదన్న పదో ప్రశ్న ఎందుకు అడగలేదు? ముద్దొచ్చింది గనుక. ఆయన మాట ముద్దొచ్చి నా తల సంగతి మర్చిపోయాను. బాధ కంటే ఎక్కువగా కోపం వచ్చింది. జన్మలో అంత కోపం రాలేదు. చిత్రం, ఏడుపు రాలేదు.

"రేపు నువ్వు రావద్దులే" అన్నారు ఆయన. "ఇంట్లోనే ఉండి వంట చూసుకో."

"బెజవాడ లారీ రేపే వస్తుంది" అని వసారాలోంచి మావగారు. "కోత మనుషులు ఎక్కువమంది. ఎవరో ఒకరు క్యారియర్ పట్టుకోవాలిరా."

"పట్టుకుంటుంది లెండి, నెమ్మదిగా తీసుకెళ్తాడు వీడు" అత్తగారు.

నేను లేచాను. తల తిరిగింది, గోడ పట్టుకుని నిలబడ్డాను. హెల్మెట్‌కి ఈ ఇంట్లో ప్రత్యేకం ఒక మేకు ఉంది. రోజూ మట్టి తుడిచి దాన్ని అక్కడ తగిలించేది నేనే. తీసుకున్నాను. వసారా గుమ్మంలోకి వచ్చి, ముగ్గురూ చూస్తుండగా, అంచు గుండీలు ఒక్కొక్కటే ఊడదీశాను. టప్, టప్, టప్, టప్. అంచుని ఆయన ఒళ్లో పెట్టాను.

"కట్టుతో ఉండి బరువులెందుకు అమ్మాయ్, అది అక్కడ పెట్టు" అన్నారు అత్తగారు.

"రేపు తోటకి బండి నేను నడుపుతాను అత్తయ్యగారూ" అన్నాను.

మావగారి చుట్ట నోటి దాకా వెళ్లి ఆగింది. మా ఆయన ముఖం ఎర్రబడింది. "వేణీ..." అన్నారు, రహస్యం గుర్తుచేస్తున్నట్టు.

"ఈయనే నేర్పారు మావయ్యగారూ, ఎర్రమట్టి బాట మీద కూడా బాగా వచ్చు నాకు. హెల్మెట్ నడిపేవాళ్లకి. అదీ ఈయన చెప్పిందే. నా తలకి సరిపోతుంది, కొట్లోనే చూసుకున్నాం." కట్టు పక్కకి జరిపి తలకి పెట్టుకున్నాను. కుట్లు భగ్గుమన్నాయి. తియ్యలేదు. ఆయన వైపు తిరిగాను.

"మీరు రేపు నా వెనక కూర్చోండి. ఒళ్లో క్యారియర్, చేతిలో మజ్జిగ క్యాను. కాళ్లు రెండూ ఒక పక్కకి. బజార్లో నా నడుం పట్టుకోకండి, నలుగురూ చూస్తారు. ఆ చిన్నరసం చెట్టు దగ్గరికి రాగానే నేను వంగుతాను."