లేని తేదీ

గ్యాస్ కట్టేశానని మా ఆయన చెప్పాక కూడా నేను వంటింట్లోకి వెళ్లి ఒకసారి చూసి వస్తాను. వీధి తలుపు గడియ పెట్టానని పాప చెప్పినా అంతే. ఇవాళ పొద్దున పాలు దించి పొయ్యి ఆపేశానని ఆయన హాల్లోంచి కేకేశారు. వెళ్లి చూస్తే పాలు దించిన మాట నిజమే, పొయ్యి మాత్రం సన్నగా వెలుగుతూనే ఉంది. ఆపి వచ్చాను. "నా మాటంటే నీకు నమ్మకం లేదా?" అన్నారాయన, ఫోన్లోంచి తలెత్తకుండా. అత్తయ్య వంత పాడారు. "వాడు చెప్పాడుగా, మళ్లీ నువ్వెందుకు చూడటం? అంత అనుమానం పనికిరాదమ్మా." పొయ్యి వెలుగుతోందన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు. నేను వెళ్లి చూడటమే తప్పయింది.

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఇదే గుణానికి ఆఫీసులో నాకు నెలనెలా జీతమిస్తారు. ఆసుపత్రులకు వెబ్‌సైట్లు చేసిపెట్టే కంపెనీ మాది. డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం జనం ఫోన్లో ఫారం నింపుతారు. పేరు, వయసు, ఏ రోజు వస్తారో ఆ తేదీ. తప్పు తేదీ కొడితే ఫోన్లోనే ఎర్రటి అక్షరాలు రావాలి, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవడానికి లేదు. పాత ఫోన్లలో అది పనిచేయదు, కొందరు కావాలనే దాన్ని దాటేసి పంపుతారు. అందుకే వాళ్లు పంపింది మా సర్వర్‌కి చేరాక మళ్లీ మొదటినుంచీ చూడాలి. అసలా రోజు క్యాలెండర్‌లో ఉందా, ఉంటే గడిచిపోయిందా, ఆ రోజు ఆ డాక్టరు వస్తాడా. ఇలా రెండోసారి చూడటమే నా ఉద్యోగం. అక్కడ దీన్ని వాలిడేషన్ అంటారు, ఇంట్లో చాదస్తమంటారు. ఏం పనిచేస్తుందని బంధువులెవరైనా అడిగితే మా ఆయన "కంప్యూటర్లో తేదీలు దిద్దుతుందిలెండి" అని నవ్వుతారు. వాళ్లూ నవ్వుతారు, కాఫీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వుతాను.

ఆఫీసుకి చేరేసరికి రెండు సంగతులు నా కోసం కాచుకుని ఉన్నాయి. మొదటిది హెడ్డాఫీసునుంచి వచ్చిన మెయిలు. వేరే ఊళ్లో రెండు నెలల శిక్షణ, పూర్తిచేసిన వాళ్లకు ఒక టీం అప్పగిస్తారు. ఎప్పటినుంచి రాగలరో తేదీ వేసి సాయంత్రంలోగా పంపమన్నారు. ఈ మెయిలు నాకు కొత్త కాదు. మొదటిసారి వచ్చినప్పుడు అత్తయ్య మోకాలి ఆపరేషన్ అయ్యాక చూద్దామన్నారు మా ఆయన. ఆపరేషన్ అయింది. మళ్లీ వచ్చినప్పుడు తన ప్రమోషన్ తేలాక చూద్దామన్నారు. అదీ తేలింది. అప్పుడు నా బదులు వెళ్లినవాడు, నా తర్వాత చేరినవాడు, నేను పని నేర్పినవాడు, ఇప్పుడు మా టీం లీడర్. ఈసారి పాప పరీక్షలయ్యాక అంటారు. అడగకుండానే నాకు తెలుసు.

రెండోది ఒక ఫిర్యాదు. బట్టలు కుట్టే ఒకావిడ రొమ్ములో గడ్డ చూపించుకోవడానికి స్కానింగ్‌కి అపాయింట్‌మెంట్ పెట్టుకుంది. నెలాఖరు రోజయితే కొట్టు యజమాని సెలవిస్తానన్నాడట. ముప్పై రోజుల నెల అని చూసుకోకుండా ముప్పై ఒకటో తేదీ కొట్టింది. పాత ఫోను, ఎర్రటి అక్షరాలేవీ రాలేదు. మా సర్వరైనా తప్పనాలి కదా, అనలేదు. నేను చేరకముందు ఎవరో రాసిన కోడ్ అది. ఒక రోజు ఎక్కువైంది కాబోలని దానంతటదే వచ్చే నెల ఒకటో తేదీకి జరిపేసి, ఆ సంగతి చెప్పకుండా మీ అపాయింట్‌మెంట్ ఖాయమైందని మాత్రం చెప్పేసింది. ఆవిడ ముప్పయ్యో తేదీన వెళితే మీది రేపమ్మా అన్నారు. మర్నాడు సెలవు దొరకలేదు. అలా ఆ స్కానింగ్ ఇప్పటికీ కాలేదు.

వివరాలు కనుక్కుందామని ఆవిడకు ఫోన్ చేశాను. వెనక కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"నేను కొట్టింది తప్పేనమ్మా, కాదనను. కానీ అదేమీ అనలేదు కదా, సరేననుకున్నాను. తప్పయితే తప్పని అప్పుడే చెబితే మళ్లీ కొట్టేదాన్నిగా?"

మొదట ఆ వారంలోనే ఆవిడకు స్కానింగ్ కుదిర్చాను. ఆసుపత్రివాళ్లతో మాట్లాడి, ఆవిడ కొట్టు మూసే రోజేదో అడిగి మరీ. తర్వాత లీడర్ దగ్గరికి వెళ్లాను. తప్పు ఆవిడది, ఫిర్యాదు మూసేయమన్నాడతను. తేదీ లేకపోతే లేదని చెప్పి వెనక్కి పంపేలా మారుస్తానన్నాను.

"ఎర్రర్ చూపిస్తే జనం చిరాకుపడి వెళ్లిపోతారు మేడమ్. మనం కాస్త సర్దుకుంటే పోయేదేముంది?"

ఈ మాట నేనెక్కడ విన్నాను? ఎక్కడ వినలేదు? పెళ్లయిన కొత్తలో అమ్మ అంది, తర్వాత అత్తయ్య అన్నారు, వాళ్లిద్దరూ మానేశాక నాకు నేనే అనుకుంటూ వచ్చాను. "పోయేది ఆవిడకి. మనకి కాదు కాబట్టి కనపడలేదు" అన్నాను. అతను నా మొహం చూసి, మార్చండి అన్నాడు.

మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. ఉన్న తేదీ అయితే తీసుకో, లేనిదైతే తీసుకోకు, నీ అంతట నువ్వు జరపకు, అంతే. ఎక్కువసేపు పట్టింది లేని తేదీ కొట్టిన మనిషికి చెప్పాల్సిన మాట దగ్గర. చివరికి ఇలా రాశాను: "ఈ నెలలో ఆ తేదీ లేదు. దయచేసి వేరే తేదీ ఇవ్వండి. మీరిచ్చిన మిగతా వివరాలు అలాగే ఉన్నాయి." ముప్పై ఒకటి కొట్టి చూశాను. వెనక్కి వచ్చింది. ఫిబ్రవరి ముప్పై కొట్టాను. వెనక్కి వచ్చింది. ఎందుకో కళ్లు చెమర్చాయి. మా ఆయన మాటలు గుర్తొచ్చాయి: అమ్మ ఆపరేషన్ అయ్యాక, నా ప్రమోషన్ తేలాక, పాప పరీక్షలయ్యాక. ఇవేవీ ఏ క్యాలెండర్‌లోనూ లేవు. ఆయన లేని తేదీ ఇచ్చిన ప్రతిసారీ నేను పోనీలే అని దాన్ని కాస్త పక్కకు జరిపి, రాబోయే ఏడాదిలో ఎక్కడో ఒకచోట నిలబెట్టుకుని, సరేననేదాన్ని. ఆ రోజు వచ్చేది, నేను మనసులోనే సంచీ సర్దుకుని కూర్చునేదాన్ని, ఎవరూ పిలిచేవాళ్లు కాదు. పాత కోడ్ రాసినవాళ్లెవరో నాకు తెలియదు గానీ, నాకంటే అధ్వాన్నంగా ఏం రాయలేదు.

హెడ్డాఫీసు మెయిలు తెరిచి తేదీ గడిలో వచ్చే నెల పదో తేదీ వేశాను. ఈసారి ఎవరినీ అడగలేదు.

సాయంత్రం టీ తాగుతుండగా చెప్పాను, పదో తేదీన శిక్షణకి వెళుతున్నానని. మా ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యపోయారు.

"పాప పరీక్షలయ్యాక చూద్దాం, ఇప్పుడే ఏం తొందర?"

"అయ్యాక అంటే ఏ తేదీ?"

"తేదీ ఏమిటి? అప్పుడు చూద్దాం." కప్పు కింద పెట్టి నావైపు తిరిగారు. "ఇన్నేళ్లూ నువ్వేమీ అనలేదు కదా. నీకూ సరేననుకున్నాను."

అబద్ధమేమీ కాదు, నిజంగానే అలా అనుకున్నారు. పొద్దుటి కుట్టుమిషన్ చప్పుడు చెవుల్లో మళ్లీ వినిపించింది. ఆయన మీద కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా నా మీద నాకు వచ్చింది. ఆ కోపంలోనూ గొంతు మాత్రం పైకి లేవలేదు.

"ఇప్పుడంటున్నాను. చూద్దాం అనేది తేదీ కాదండీ. పదో తేదీ, తేదీ."

పాప పుస్తకంలోంచి తలెత్తి నన్ను చూసింది. నా పరీక్షలు నేను రాసుకుంటాలే అమ్మా అని మళ్లీ పుస్తకంలోకి దూరింది. అత్తయ్య మాత్రం, "మరి ఇల్లో?" అన్నారు.

"ఇల్లు ఎక్కడికీ పోదు అత్తయ్యా. నేనే వెళుతున్నాను."

కప్పులు తీసుకెళ్లి సింకులో పెట్టి, కడగకుండానే వచ్చి కూర్చున్నాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని, అలవాటు ప్రకారం దాంట్లోంచి తలెత్తకుండా అడిగారు.

"గ్యాస్ కట్టేశావా?"

"కట్టేశాను. అయినా మీరూ లేచి ఒకసారి చూసి రండి. పదో తేదీ నుంచి చూడాల్సింది మీరేగా."